గాలి వట్టిన బండి

కోరుట్లల లారీల డీజిల్ పంపులు బాగుజేసే మిస్త్రి ప్రభుదాస్ ఇప్పుడు "ఎయిర్ లాక్" అంటడు. పాత డ్రైవర్లు "గదేందన్నా?" అని అడిగితే పైపు మీద వేలు వెట్టి సూపిస్తడు గని, తెలుగు మాట మాత్రం నోట్లెకెల్లి రానియ్యడు. ఒకప్పుడు గా మాట మీదనే వాని షెడ్డు నడిశేది. "బండికి గాలి వట్టిందిరో!" అని ఒర్రుకుంట స్పానర్ అందుకునేటోడు. మనిషికి గాలి వడితే యాపమండ, బండికి గాలి వడితే స్పానర్, రెండిట్లకు మంత్రం ఒక్కటే అని నవ్విచ్చేటోడు.

వెల్గటూర్ దిక్కు కూలోళ్ల ఇంట్ల పుట్టిండు. తాతల నాటినుంచి గుంటెడు జాగ లేదు. పెద్దోళ్ల ముందట నోరెత్తనియ్యని ఊరది. కోరుట్లకొచ్చి పని నేర్చి సొంత షెడ్డు వెట్టినంక, అన్నేండ్లు మూసుకున్న నోరు ఒక్కపారే తెరుసుకున్నది. ఇగ మూతవడలే. గా నోటికి రెండు పనులు. ట్యాంకుల పైపు ఏసి మూతితోని డీజిల్ గుంజుతడు, నాలిక మీద ఆడిచ్చి, నీళ్లు కలిసినయా కిరోసిన్ కలిసిందా చెప్పి తుపుక్కున ఉమ్ముతడు. రెండోది మనుషులను గెలుకుడు. మొదటి పనికి అచ్చేటోళ్లు కొందరు, రెండోది ఇననీకి అచ్చేటోళ్లు ఇంకొందరు.

గంగరాజం వానికి పాత గిరాకి. కల్లుగీత తండ్రితోనే ఆగిపోయింది, గంగరాజం ఒక ముసలి లారీ కొని జగిత్యాల మిల్లులకు వడ్లు, మక్కలు తోల్తడు. నిరుడు లగ్గమైంది. పిల్ల పేరు మాధవి, సిరిసిల్ల పిల్ల. తల్లిగారింట్ల బట్ట నేసే సాంచెల సప్పుడుల పెరిగింది గనుక జర గట్టిగ మాట్లాడ్తది, గంతే. గదే అత్త సత్యవ్వకు గిట్టలే. లగ్గమైన నెలకే లారీ తొవ్వల ఆగుడు వెట్టింది.

గంగరాజం ఇంటికాడికెల్లి ఫోన్ జేశిండు. "అన్నా, నడుసుకుంట నడుసుకుంట దమ్ము తగ్గి ఆగిపోతంది."

"ఇంకేంది, గాలి వట్టింది," అన్నడు ప్రభుదాస్. నిజమే అన్నడు. డీజిల్ పైపుల నడుమ ఏడ సందు దొరికినా గాలి సొస్తది, పంపుకు డీజిల్ అందది, ఇంజన్ ఆగుతది. మాట గాడికే ఆపితే ఏ గొడవా లేకపోవు.

అవుతలకెల్లి సత్యవ్వ గొంతు ఇనవడ్డది. ఫోన్ స్పీకర్ల ఉన్నది. "గాలెందుకు వట్టింది కొడుకా?"

షెడ్డుల నలుగురు కూసున్నరు. నలుగురు ఉంటే ప్రభుదాస్ నాలికె ఊకుంటదా? "కొత్త కోడలు అచ్చినంకనే ఆగవట్టె గదనే అవ్వా! ఆమె ఎంబడే అచ్చుంటది. ట్యాంకు మూతి గట్టిగ కట్టు. అట్లనే కోడలి మూతి గూడ కట్టు, ఇంట్ల సల్లగుంటది!"

షెడ్డు షెడ్డంత పడి పడి నవ్వింది. ఫోన్ల అవుతల మాత్రం ఎవ్వలు నవ్వలే. గది ప్రభుదాస్ ఇననే లేదు.

తెల్లారి లారీ అచ్చింది. ఫిల్టర్ కాడ రాగి వాషర్ అరిగి సందు వడ్డది. కొత్తది ఏశిండు, ప్రైమర్ చేతిపంపు కొట్టి గాలి తీశిండు, బండి గుర్రమైంది. అసలు రోగం గా పూటనే వోయింది. గని సత్యవ్వ చెవిల వడ్డ మాట పోలే. బొగ్గు, జీడిగింజ, నిమ్మకాయ నల్లబట్టల మూటగట్టి ట్యాంకు మూత మీద వెట్టింది. వానకు తడుస్తదని మూతతోని కలిపి పైన ప్లాస్టిక్ కవరు సుట్టింది. మిస్త్రి గట్టిగ కట్టుమన్నడని పాత ట్యూబు ముక్కతోని ఉరి బిగిచ్చినట్టు బిగిచ్చింది.

ఇగ జూడు! ఇంతకుముందు ఎప్పుడో ఓసారి ఆగిన బండి, ఇప్పుడు ప్రతి కిరాయికి ఆగవట్టింది.

గంగరాజం మల్ల షెడ్డుకు తెచ్చిండు. తెచ్చే ముందట ఏం జేశిండో తెలుసా? ట్యాంకు మీది ముడుపు ఇప్పి సీటు కింద దాశిండు. ప్రభుదాస్ జూస్తే ఇజ్జత్ తీస్తడు, కోరుట్ల అంత చెప్పుకుంట నవ్వుతడు అని భయం. షెడ్డుల బండి మంచిగనే నడిశింది. పైపులు మార్చిండు, ప్రైమర్ మార్చిండు, పంపు ఇప్పి బెంచి మీద ఎక్కిచ్చి జూశిండు. ఏం దొరకలే. బండి బయటకు పోంగనే గంగరాజం ముడుపు మల్ల కట్టుడు, మల్యాల దాటకముందే బండి ఆగుడు. ప్రభుదాస్‌కే అందని రోగమట అని పక్క షెడ్లోళ్లు మూతులు తిప్పవట్టిరి. వాని నెత్తురు కుతకుత ఉడికింది.

ఆడరాక మద్దెల ఓడు అన్నట్టు, ఆఖరికి ఒకనాడు స్పానర్ ఇసిరికొట్టి అన్నడు, "నా పని బండి. బండిల ఏం లేదు. గాలి నీ ఇంట్లనే ఉన్నది, పోయి ఆడ తీపిచ్చుకో!"

గంగరాజం తల వంచుకొని వోయిండు. నిజంగనే తీపిచ్చిండు.

మల్యాల అవుతల ఎవడో మంత్రగాడట. మాధవిని అర్రల కూసోవెట్టి తలుపులేసి మిరపకాయల పొగ వెట్టిండు. యాపమండలతోని వీపు మీద వాతలు తేలేదాక కొట్టిండు. "నాకు గాలి ఆడుతలేదు, తలుపు తియ్యున్రి" అని పిల్ల ఒర్రితే, "అగో, గాలి మాట్లాడ్తంది" అన్నదట సత్యవ్వ. మొగడు బయట బీడీ తాగుకుంట నిలవడ్డడు. థూ, వాని బతుకు పాడుగాను! గట్టిగ మాట్లాడే పిల్ల గొంతు ఆడనే బొంగురువోయింది. అయినా బండి ఆగుడు ఆగలే. ఇగ లాభం లేదని గంగరాజం ఆమెను అదే లారీల తీస్కపోయి సిరిసిల్లల తల్లిగారింటికాడ దించిండు. సామాను గడప ముందట వెట్టి, లోపలికి గూడ పోకుంట మర్లిండు.

మర్లంగ రుద్రంగి కాడ బండి ఆగింది. దిక్కుతోచక ప్రభుదాస్‌కు ఫోన్ జేశిండు. పంతం మీదున్న ప్రభుదాస్ ఈసారి తనే మోటర్ సైకిల్ ఏసుకొని వోయిండు. ట్యాంకు జూశిండు. జూసి, "గిదేందిరా?" అన్నడు.

ట్యూబు కోశిండు. మూత తిప్పంగనే ట్యాంకు సుయ్యిమని గాలి గుంజుకున్నది. తాళంచెయ్యి తిప్పితే బండి ఒక్క దెబ్బకు లేశింది. ట్యాంకు మూతకు సూదిమొన అంత బొక్క ఉంటది. డీజిల్ తగ్గినకొద్ది గా బొక్క నుంచి గాలి లోపలికి పోవాలె, లేకుంటే ట్యాంకు డీజిల్ ఇడువది. బండి గాలి సొచ్చి ఆగుతలేదు, గాలి అందక ఆగుతంది. ప్రభుదాస్ కడుపు పట్టుకొని నవ్విండు. "ఎవడ్రా గీ తెలివిగల్లోడు?"

"నువ్వే కట్టుమంటివని మా అవ్వ కట్టిందే," అన్నడు గంగరాజం. "ఇప్పుడే మాధవిని ఇడిసిపెట్టి అస్తున్న," అన్నడు.

ప్రభుదాస్ నవ్వు బంద్ జేసి ట్యాంకు మూత మల్ల బిగిచ్చిండు. "బండి తిప్పు. పోయి తోల్కరా," అన్నడు. గంగరాజం స్టీరింగ్ దిక్కు జూసుకుంట, అవ్వను అడగాలె గద అన్నడు.

గా పొద్దే ప్రభుదాస్ ట్యూబు ముక్క వట్టుకొని సత్యవ్వ కాడికి వోయిండు. "అవ్వా, తప్పు కోడలిది కాదు. గీ ముడుపుది." మూత బొక్క గూడ సూపిచ్చిండు. సత్యవ్వ నిమ్మళంగ ఇన్నది. "ఆమె దిగింది, బండి లేశింది. ఇగ ఆగుతదా?" అని అడిగింది. ఆగదన్నడు. "మరి? నువ్వే మొదలు జెప్పితివి కొడుకా, ఆమె ఎంబడే అచ్చిందని. నీ నోరు మా ఇల్లు కాపాడింది," అని చాయ వెట్టింది. గా చాయ తాగలేక వోయిండు.

బండి మల్ల ఆగలే. ఆగని ప్రతి దినం మాధవి మీద సాక్ష్యమే. ఊర్లె అందరు ప్రభుదాస్ మాటనే సెప్పవట్టిరి, మెచ్చుకుంట.

మనసున వట్టక సిరిసిల్ల పోయిండు. మాధవి అన్న నడిపే సాంచెల పక్కన కూసోని రాట్నం మీద నూలు కండెలు సుడుతంది. సాంచెల మోతల ఆమె బొంగురు గొంతు సరిగ ఇనరాలే. అన్న సాంచెలు బంద్ వెట్టిండు. ప్రభుదాస్ ట్యూబు ముక్క ముందట వెట్టి వాషర్ నుంచి మూత బొక్కదాక అంత జెప్పిండు. నీది తప్పు లేదు చెల్లే, నేను నవ్వులాటకు అన్న మాటది, అన్నడు.

మాధవి ట్యూబు ముట్టలే. కండె సుట్టుడు ఆపలే.

"డీజిల్ను నోట్లె వోసుకొని సూశినంకనే ఉమ్మేస్తవట గద అన్నా," అన్నది. "నన్ను సూడకుంటనే ఉమ్మేస్తివి."