విప్పకూడని తమలపాకు

మొన్న నేను చింతపండు గింజలు తీస్తుంటే మనవరాలు పక్కన చేరి కాలేజీ పాఠం చెప్పుకొచ్చింది. "లోకంలో ఏదైనా ముందు జరిగినదాన్ని బట్టే జరుగుతాది అమ్మమ్మా. ఎగరేసిన రాయి ఎక్కడ పడాలో రాయి అనుకోదు కదా. మనమూ అంతే. మనం ఎంచుకున్నది ఏదీ లేదు" అంది. రెండో తరగతితో బడి మానేసిన నాకు ఆ మాట ఇట్టే అర్థమైంది. వంటింట్లో ఉన్న దాని తల్లికి, అంటే నా కూతురికి, వినబడాలని ఇంకోసారి గట్టిగా చెప్పించాను.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో మేము శ్రీకాకుళం దగ్గర నాగావళి ఒడ్డున ఉండేవాళ్లం. ఆ వానాకాలం ఏరు ఎర్రగా పొంగుతోంది. అవతలి ఊళ్లో ఉన్న మా ఆడపడుచును పురిటికి తీసుకురావాలి. వరద తగ్గాక వెళ్లమని నేను, ఇవాళే వెళ్లమని అత్తగారు. మధ్యలో ఆయన. మా ఇంట్లో ఏదీ తేలకపోతే అమ్మవారిని పువ్వడిగేవాళ్లం. ఒక తమలపాకులో నందివర్ధనం, ఇంకోదాంట్లో మందార రేకు అత్తగారు మడిచి పళ్లెంలో పెడితే ఇంట్లో చిన్నపిల్ల ఒకటి తీస్తుంది. తెల్లది వస్తే వెళ్లాలి, ఎర్రది వస్తే ఆగాలి. రెండో ఆకును విప్పకుండా ఏట్లో వదలాలి.

ఇంకా బడిలో వెయ్యని మా పిల్ల తీసింది. తెల్లది.

"సూసినావా, అమ్మోరే ఎల్లమన్నాది" అన్నారు అత్తగారు నా వైపు తిరిగి. ఆయన పిల్ల బుగ్గ గిల్లి, "ఒసే బుల్లీ, నాను తడిసిపోతే మీ అత్తకి నువ్వే పంపినావని సెప్తాను" అని నవ్వి వెళ్లారు.

ఏట్లో వదలమని నా చేతికిచ్చినా, లేత ఆకును పారెయ్యడానికి నాకు చెయ్యి రాదు. మధ్యాహ్నం అత్తగారికి వక్కతో ఇద్దామని రెండోది విప్పాను. అందులోనూ నందివర్ధనమే. కూతురి మీద బెంగతో ఆవిడ రెండింట్లోనూ తెల్లదే పెట్టారు. ఆయన రాగానే చూపించి కడిగేద్దామని దాచాను. సాయంత్రానికి, అవతలి ఒడ్డు చేరకముందే పడవ బోల్తా పడిందని కబురొచ్చింది. ఆయన రాలేదు. కొడుకు పోయిన ఆవిడను ఇంకేం కడుగుతాను.

ఆ తర్వాత మా పిల్ల రెండింట్లో ఒకటి తియ్యమంటే తియ్యలేదు. గాజుల దగ్గరా, చీరల దగ్గరా "నువ్వే తియ్యమ్మా" అనేది. పెళ్లికొడుకునీ నేనే తీశాను. ఊహ తెలిశాక రెండో ఆకు సంగతి చెప్పి, ఏది తీసినా తెల్లదే వచ్చేది, నీ చేతిలో ఏముందే అన్నాను.

"తీసింది నా సెయ్యే కదమ్మా" అంది.

మొన్న పాఠం గట్టిగా వినబడ్డాక వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నా కూతురు గుమ్మంలోకి వచ్చి, "వంకాయలా, బెండకాయలా, ఏటి తరగమంటావమ్మా?" అని అడిగింది.

ఆ రేవు దగ్గర ఇప్పుడు వంతెన ఉంది, పడవ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఇన్నేళ్లూ దాటిపోయాయి గాని, నా కూతురి చెయ్యి ఇంకా ఆ పళ్లెం మీదే ఉంది.