అమ్మవారు వెళ్ళిందనాలి

డెబ్భైలలో ఒక వేసవి, బెజవాడ పిల్లలకు ఆటలమ్మ పోసి బాలవాడీలు మూసేశారు. మళ్ళీ తెరిచారు. మా మూడేళ్ళ పాపను పంపాలా వద్దా అన్నదే చల్లపల్లి నుంచి తిరిగొస్తున్న బస్సులోనూ నా ఆలోచన. పక్కనున్నావిడ బెజవాడలోనే వేరే పేటలో బాలవాడీ ఆయానని చెబితే ప్రాణం లేచొచ్చింది.

“జబ్బు తగ్గిందా అండీ? మా పాపను పంపొచ్చా?”

“అట్టా అనకూడదండీ. అమ్మవారు వెళ్ళిందనాలి,” అంటూ లెంపలేసుకుంది. “వెళ్ళిపోయింది. నిక్షేపంగా పంపండి.”

“మీకు పిల్లలున్నారా?”

“ఒక్కడేనండీ. బాలవాడీ తెరిచారుగా, మా అమ్మ దగ్గర దిగబెట్టి వస్తన్నా.”

పైట సర్దుకుంది. పాలు చేపి రవిక తడిసింది.

మర్నాడు పాపను పంపాను. దింపి వెనుదిరగబోతూ, ఏడాదిగా చూస్తున్న మా బాలవాడీ ఆయాను మొదటిసారి అడిగాను:

“మీ పిల్లల్ని ఎవరు చూస్తున్నారమ్మా?”