కళ్లను వెతికే కెమెరా

నీటి సరఫరా శాఖకు సొంతంగా ఒక ఫోటోగ్రాఫరు ఉంటారని బయట చాలామందికి తెలియదు. కుళాయిలో నీళ్లు రాకపోతే ఏ నంబరుకు ఫోన్ చేసి తిట్టాలో తెలుసు. కానీ ఆ కుళాయి తిప్పి మొదటి చుక్కను ప్రారంభించే పెద్దాఫీసరు గారి చిరునవ్వును పదికాలాలపాటు నిలిపి ఉంచడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నారని తెలియదు. ఆ మనిషే క్లిక్కమ్మ.

అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. దాన్ని చదివినవాళ్లు లేరు. ఆవిడ చేతిలో ఉన్న పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా మీట నొక్కగానే మీటింగు హాలు చివరి వరుసలో కునుకు తీసేవాళ్లు కూడా ఉలిక్కిపడి సర్దుకుని కూర్చునేంత చప్పుడయ్యేది. ఆ చప్పుడే ఆవిడకు పేరైంది.

ఉద్యోగంలో చేరిననాడు ఇచ్చిన కెమెరా అది. పద్నాలుగేళ్లయింది. పట్టుకునేచోట రబ్బరు ఊడిపోతే భర్త తన దుకాణంలోని జిగురుతో అతికించాడు. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. వెనక తెర మీద గీతలు పడి, తీసిన ప్రతి ఫోటో చినుకుల్లోంచి చూస్తున్నట్టు కనబడేది. లెన్సుతో కలిపి రెండున్నర కిలోలు. ఏడాదికి రెండొందల ప్రారంభోత్సవాలు, వాటికి ముందు శంకుస్థాపనలు, వాటికి ముందు పరిశీలనలు. కెమెరా పట్టీ వేలాడీ వేలాడీ ఆవిడ కుడి భుజం ఎడమ భుజం కన్నా కిందికి జారింది.

"దర్జీ నీకు రెండు భుజాలూ విడివిడిగా కొలుస్తున్నాడు, గమనించావా?" అనేవాడు భర్త.

"మీరు నవ్వండి. మోసేది నేను కదా."

కొత్త కెమెరా కావాలని ఆరేళ్లపాటు ఆరు ఉత్తరాలు పెట్టింది. ఆరింటికీ ఒకటే జవాబు: పరిశీలనలో ఉంది. ఎక్కడ ఉంది, ఎవరు పరిశీలిస్తున్నారు అని అడిగితే ఆ ప్రశ్న కూడా పరిశీలనకు వెళ్లింది.

ఏడో ఏడు ఆవిడ ఉత్తరం పెట్టకుండానే పని జరిగింది. కరెంటు శాఖతో కలిసి ఏదో సభ జరిగినప్పుడు వాళ్ల ఫోటోగ్రాఫరు గుప్పెడంత మిర్రర్‌లెస్ కెమెరాతో వచ్చాడు. మర్నాడు పేపర్లో కరెంటు ఆఫీసరు గారు పక్కనున్న మన ఆఫీసరు గారికన్నా పదేళ్లు చిన్నవాడిలా కనిపించాడు. నిజానికి ఆయన పదేళ్లు చిన్నవాడే. ఆ మాట చెప్పే ధైర్యం ఆఫీసులో ఎవరికీ లేకపోవడం వల్ల కొత్త కెమెరా కొనడానికి కమిటీ వేశారు.

కమిటీలో ముగ్గురు. పెద్దాఫీసరు గారి పీఏ, పైపుల ఇంజనీరు, స్టోర్సు అధికారి. ముగ్గురిలో ఒక్కరూ సెల్‌ఫోను తప్ప కెమెరా పట్టి ఎరుగరు. పాత దానికీ కొత్త దానికీ తేడా ఏమిటో ఒక కాగితం మీద రాసి తెమ్మన్నారు. క్లిక్కమ్మ ఆదివారం కూర్చుని ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసింది. పాత దాంట్లో లెన్సు వెనక ఒక అద్దం ఉంటుంది, దృశ్యాన్ని పైకి పంపి మన కంటికి చూపిస్తుంది, మీట నొక్కితే పైకి లేచి తప్పుకుంటుంది, ఆ చప్పుడే మనకు వినబడేది. కొత్త దాంట్లో అద్దం లేదు. ఫోటో ఎలా వస్తుందో తీయకముందే చిన్న తెర మీద కనబడుతుంది. బరువు సగం. మనుషుల కళ్లను తనే వెతికి పట్టుకుంటుంది. కాకపోతే బ్యాటరీ తొందరగా అయిపోతుంది. పాత దాని బ్యాటరీ పెద్దాఫీసరు గారి ప్రసంగాలు రెండింటికి ఆగేది, దీనిది ఒక్కదానికి కూడా ఆగకపోవచ్చు.

"అద్దం లేదంటే ఒక సామాను తక్కువైనట్టే కదా?" అన్నాడు స్టోర్సు అధికారి. "తక్కువ సామానున్నదాన్ని మెరుగైనదని నేనెట్లా సంతకం పెట్టను?"

"పోనీ అద్దం విడిగా కొని బిగించుకోవచ్చా?" అన్నాడు ఇంజనీరు. పైపులకు కావలసినవన్నీ ఆయన అలాగే బిగిస్తాడు.

పీఏ మాత్రం కళ్ల దగ్గర ఆగిపోయాడు. "సార్ కళ్లను వెతికి పట్టుకుంటుందా మేడమ్?"

"ఎవరి కళ్లయినా పట్టుకుంటుందండీ."

పీఏ కాగితం మీద 'మనుషుల' కొట్టేసి 'సార్' అని రాసుకున్నాడు. ఆ ఒక్క మాటతో ఫైలు కదిలింది.

కెమెరా వచ్చిననాడు క్లిక్కమ్మ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు అలాగే నిలబడింది. మెడలో వేసుకుంటే వేసుకున్నట్టే లేదు. రెండుసార్లు పట్టీ తడుముకుని చూసుకుంది. ఇంటికి వెళ్లాక సూచనల పుస్తకం మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా చదివి భర్తకు కూడా చదివి వినిపించింది. ఆయన అన్నం చల్లారిపోయింది.

మొదటి చిక్కు మొదటి రోజే వచ్చింది. పొరుగు ఊరి నీటి శాఖవాళ్లు మర్యాదకోసం వస్తే పెద్దాఫీసరు గారు వాళ్ల పెద్దతో చేయి కలిపి, అలవాటు ప్రకారం కెమెరా వైపు తిరిగి నవ్వారు. క్లిక్కమ్మ టకటకా పదిహేను ఫోటోలు తీసింది. చప్పుడు లేదు. ఆయన నవ్వుతూనే ఉన్నారు. చేయి ఊపుతూనే ఉన్నారు. వచ్చినాయన చేయి లాక్కోబోతే ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. నిమిషన్నర గడిచాక పళ్ల సందులోంచి అడిగారు, "ఏమ్మా, తీస్తావా లేదా?"

"తీసేశాను సార్."

"ఎప్పుడు?"

"ఇందాకే సార్."

"మాకు చెప్పకుండానే?"

వచ్చినాయన చేయి దులుపుకుంటూ వెళ్లిపోయాడు. కెమెరాలో ఉత్తుత్తి చప్పుడు పెట్టుకునే వీలుంది కాబట్టి సాయంత్రానికల్లా పీఏ దాన్ని పైస్థాయికి పెట్టించాడు. అయినా పాత దాని దర్జా రాలేదు. కొత్తది మూలుగుతుంది, పాతది పలికేది అని పెద్దాఫీసరు గారే అన్నారట.

అసలు గొడవ శాఖ మాసపత్రిక ముఖచిత్రంతో వచ్చింది. కొత్త పైపులైను ప్రారంభం. మిట్టమధ్యాహ్నం ఎండ. ముందు పెద్దాఫీసరు గారు, తలమీద పసుపు హెల్మెట్టు, కళ్లకు జోడు, చేతిలో చక్రం లాంటి వాల్వు. వెనక ఫైళ్లు పట్టుకుని ఫైళ్ల బాబాయి. ఆయన అటెండరు. రిటైరవడానికి ఐదు నెలలుంది. ఇరవై రెండేళ్లుగా నలుగురు పెద్దాఫీసర్ల వెనక, వాళ్ల ఎడమ భుజం దగ్గర, ప్రతి ఫోటోలోనూ మసకగా నిలబడుతూ వచ్చిన మనిషి. కోట్ల చుక్కల నీటికి సాక్షి.

పత్రిక అచ్చయి వచ్చింది. ముఖచిత్రం మీద పెద్దాఫీసరు గారు ఆవిరిలోంచి నడిచొస్తున్నట్టున్నారు. హెల్మెట్టు, గడ్డం, వాల్వు అన్నీ కరిగిపోయాయి. వెనక బాబాయి మాత్రం కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. ఎండకు చిట్లించిన ఆ కళ్లలో ఏదో గొప్ప ఆలోచన ఉన్నట్టు, పైపులైను మొత్తం ఆయనే కలగని కట్టించినట్టు ఉంది. నిజానికి ఆయన ఆ టైములో భోజనానికి ఎప్పుడు వదులుతారా అని చూస్తున్నాడు.

అంతకుముందు ఎవరూ చూడలేదా అంటే చూశారు. ముఖచిత్రానికి పీఏ సంతకం కూడా ఉంది. కెమెరా కొత్తది కాబట్టి అలాగే వస్తుందేమో అనుకున్నాడాయన.

క్లిక్కమ్మకు మెమో వచ్చింది. 'శాఖాధిపతి ముందు ఉండగా ఫోకస్ అటెండరుపై పడుటకు గల కారణములను మూడు దినములలో తెలుపవలెను.' ఆవిడ సాయంత్రం నేరుగా దుకాణానికి వెళ్లి పత్రిక భర్త ముందు పెట్టింది. ఆయన భూతద్దం తీసి ముఖచిత్రాన్ని పరీక్షగా చూశాడు.

"మీ సారు పెట్టుకున్నవి ఎండలో నల్లబడే అద్దాలు. లోపల మామూలుగానే ఉంటాయి, బయటికొస్తే బొగ్గే. పైన హెల్మెట్టు నీడ ఒకటి. మీ కెమెరాకి ఆయన కళ్లే కనబడలేదు. కనబడ్డ కళ్లను పట్టుకుంది."

"అంతేనంటారా?"

"అంతే. పాపం, దానికి హోదాలు తెలీవు."

మర్నాడు ఆవిడ జవాబులో అదే రాసి, కళ్లను వెతికే ఏర్పాటును ఆపేసి పాత పద్ధతిలో ఎక్కడ కావాలో అక్కడే ఫోకస్ పెట్టుకోవచ్చని, దానికి ఒక్క మీట తిప్పితే చాలని చేర్చింది. పీఏ గాబరా పడ్డాడు.

"ఆపేస్తారా? మేడమ్, మనం ఆ కళ్లకోసమే కదా కెమెరా కొన్నాం! ఫైల్లో అట్లాగే రాసుంది. ఆపేశారని ఆడిట్‌వాళ్లకి తెలిస్తే నా ఉద్యోగం మీద పడతారు."

"మరైతే సార్‌ని కళ్లజోడు తీయమనండి."

"మీరు చెప్తారా?"

ఆవిడ చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. బదులుగా నోటిమాటగా ఒక ఆర్డరు వచ్చింది. ఇకమీదట ఫోటో తీసే సమయంలో పెద్దాఫీసరు గారు తప్ప మిగిలినవాళ్లంతా కళ్లు కిందికి దించుకోవాలి. కెమెరాకు వేరే కళ్లు దొరక్కపోతే చచ్చినట్టు ఆయన్నే పట్టుకుంటుందని పీఏ లెక్క.

ఆ లెక్క తప్పలేదు. కొత్త వాటర్ ట్యాంకు ప్రారంభోత్సవంలో పెద్దాఫీసరు గారు బ్రహ్మాండంగా వచ్చారు. ఆయన చుట్టూ పదకొండుమంది చేతులు కట్టుకుని, తలలు వంచుకుని నిలబడ్డారు. మధ్యలో పూలదండ వేసిన శిలాఫలకం. పేపర్లో ఫోటో పడ్డరోజు పొద్దున్నే ఆఫీసుకు ఫోన్లు మొదలయ్యాయి. పోయినాయన ఎవరు, ఎప్పుడు పోయారు, చిన్నవయసేనా? ఒక పాత కాంట్రాక్టరు ఏకంగా దండ పట్టుకుని వచ్చేశాడు. గదిలో పెద్దాఫీసరు గారు నిక్షేపంగా టీ తాగుతుండడం చూసి ఏం చేయాలో తోచక ఆ దండ ఆయన మెడలోనే వేసి, దణ్ణం పెట్టి వెళ్లాడు.

ఆ సాయంత్రమే తీర్పు వెలువడింది. కొత్త కెమెరా బీరువాలోకి, పాత కెమెరా క్లిక్కమ్మ మెడలోకి.

"పాతదే పాతది!" అన్నారు పెద్దాఫీసరు గారు. "చేతిలో పట్టుకుంటే కెమెరాలా ఉండాలమ్మా. ఎదుటివాడికి కాస్త భయం వేయాలి."

ఆవిడ పట్టీ మెడలో వేసుకుంది. రెండు నెలలు సుఖానికి అలవాటుపడిన భుజం భగ్గుమంది. బాధకంటే ఉక్రోషం ఎక్కువైంది. మెట్ల దగ్గర కూర్చుని మెడ నొక్కుకుంటుంటే ఫైళ్ల బాబాయి వచ్చి ఒక మెట్టు కింద కూర్చున్నాడు. చంకలో ఆ మాసపత్రిక ఉంది.

"తల్లీ, ఒకటి అడగనా? ఈ బొమ్మ పెద్దది తీసిస్తావా? మా ఇంటావిడ గోడకు పెట్టుకుంటానంటోంది."

"నా పీకల మీదికి తెచ్చిన బొమ్మ అది, బాబాయ్."

"తెలుసమ్మా. కానీ ఇరవై రెండేళ్లలో ఒక్క ఫోటోలో కూడా నేను నేనని గుర్తుపట్టలేదు మావాళ్లు. 'ఆ వెనక మచ్చే మీ నాన్న' అని మా ఆవిడ చెప్పేది పిల్లలకి." పత్రికను మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపుచేశాడు. "నా కళ్లు ఇట్లా ఉంటాయని నాకే తెలీదు."

క్లిక్కమ్మ మెడలోంచి పాత కెమెరా తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"బాబాయ్, ఇది నువ్వు మోస్తావా? ముందు నిలబడి మీట నొక్కితే చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

"నాకు రాదే!"

"రానక్కర్లేదు."

బీరువా తాళం బాబాయి దగ్గరే ఉంటుంది. తరువాతి ప్రారంభోత్సవానికి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు వచ్చారు. పెద్దాఫీసరు గారికి ఎదురుగా ఫైళ్ల బాబాయి పాత కెమెరా ఎత్తి పట్టుకుని ధనాధన్ మోగిస్తున్నాడు. పక్కన ఒక స్తంభం చాటునుంచి క్లిక్కమ్మ కొత్త కెమెరాతో, చప్పుడు ఆపేసి, కళ్లను వెతికే ఏర్పాటు కూడా ఆపేసి, ఫోకస్ తనకు కావలసినచోట పెట్టుకుని హాయిగా తీసుకుంటోంది. పైగా బాబాయి ముందుకు రావడంతో వెనక తలనొప్పి కూడా లేకుండా పోయింది. ఇంకో మనిషెందుకని పీఏ అడిగితే, పెద్ద కెమెరా పెద్దమనిషి పట్టుకుంటేనే సభకు నిండుగా ఉంటుందని చెప్పింది. ఆ ముక్క పీఏకి నచ్చింది, సార్‌కి ఇంకా నచ్చింది.

ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. పెద్దాఫీసరు గారి మొహం మీద నీటి తుంపర ఒక్కొక్కటీ విడిగా మెరిసింది. ఆయన ఆ ఫోటోలు కమిటీ ముందు పరిచి, వేలుతో కొట్టి చూపించారు. "చూశారా పాత కెమెరా పనితనం! అద్దం ఉన్నదానికీ లేనిదానికీ తేడా ఇదీ." స్టోర్సు అధికారి తాను మొదటే చెప్పానన్నాడు. మరుసటి నెల మాసపత్రికలో పెద్దాఫీసరు గారు స్వయంగా వ్యాసం రాశారు. పాత డీఎస్ఎల్ఆర్ ఎందుకు గొప్పదో, మిర్రర్‌లెస్ అనే ఈ కొత్త మోజు ఎందుకు నిలవదో నాలుగు పేజీల్లో వివరించి, నిదర్శనంగా ఆరు ఫోటోలు జతచేశారు. ఆరూ మిర్రర్‌లెస్‌వే.

ఆ వ్యాసాన్ని క్లిక్కమ్మ దుకాణంలో భర్తకు చదివి వినిపించింది. ఆయన నవ్వు ఆపుకోలేక, పరీక్ష చేయించుకోవడానికి వచ్చినామెను కాసేపు కూర్చోమన్నాడు.

ఇక బాబాయి. చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఆయన ఇరవై రెండేళ్ల అలవాటు. ఎండ అనక వాన అనక మూడు నెలలు మీట నొక్కాడు. ఒకనాడు పంపుహౌసు దగ్గర సభ ముగిశాక, జనం టీ కోసం అటు వెళ్లగానే, క్లిక్కమ్మ పక్కకు వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"తల్లీ, ఈ ముందున్న నల్ల మూత... ఎప్పుడన్నా తీయమంటావా, ఉంచేయమంటావా?"