రీమ్‌కు నేర్పిన మాట

ఇన్నేళ్లుగా ఒక కుక్క చావు నా గుండె మీద బరువుగా ఉంది. కుక్క ఒక్కటే అయితే ఇంత బరువు ఉండేది కాదేమో. ఆ నేరం ఒక మనిషి నెత్తిన పడింది. పడింది అనకూడదు, నేనే వేశాను. చూశారా, మొదటి మాటల్లోనే తప్పించుకోబోయాను. నేను ఇలాంటివాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఇప్పుడు ఈ అరబ్బు దేశంలో, రుసైల్ ఊళ్లో ఒక గోదాములో పని చేస్తున్నాను. అప్పట్లో దుక్మ్ ఊరికి చాలా లోపల, ఎడారిలో, మా అర్బాబ్ పశువుల దొడ్డిలో ఉండేవాణ్ణి. అర్బాబ్ అంటే ఇక్కడ యజమాని. ఆయనకు మేకలు, కొన్ని ఒంటెలు. పనివాళ్లం ఇద్దరమే. నేను నిర్మల్ వైపు వాణ్ణి, మేతా నీళ్లూ నా డ్యూటీ. మస్తాన్ కడప మనిషి, పికప్ నడిపేవాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. బండి మీద ఒక్క గీత పడనిచ్చేవాడు కాదు. దొడ్డి ముందు ఆపాక కూడా చుట్టూ తిరిగి టైర్లు చూసుకునేవాడు. నేను దానికి వాణ్ణి తెగ ఆటపట్టించేవాణ్ణి.

ఒక చలికాలం ముందు అర్బాబ్ రీమ్‌ని తెచ్చాడు. సలూకి జాతి వేటకుక్క, ఇంకా ఏడాది నిండలేదు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండేది, పరిగెత్తితే మాత్రం కాళ్లు కనిపించేవి కావు. దాన్ని పందేల్లో దింపాలని ఆయన ఆశ. చీకటి పడ్డాక బయటికి వదలొద్దన్నాడు. లేత కాళ్లు, రాళ్లలో విరుగుతాయన్నాడు. కుందేళ్ల వేట ఇక్కడ నేరమనీ, దొరికితే జైలు, ఆ తర్వాత ఇంటికేననీ కూడా చెప్పాడు. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

మరి ఎందుకు చేశాను? మా నాన్న రాత్రిళ్లు చెవులపిల్లి, అదే కుందేలు, వేటకు పోయేవాడు. నేను బ్యాటరీ లైటు పట్టుకుని వెంట నడిచేవాణ్ణి. ఈ ఎడారిలో నేను ఎవరికీ ఏమీ కాదు. గడ్డి వేసేవాణ్ణి, పెంట ఎత్తేవాణ్ణి. ఆ కుక్కను చూశాక మాత్రం, నాకూ ఒక విద్య వచ్చు కదా అనిపించింది. ఇది కారణమా, సాకా? ఇన్నేళ్లు ఆలోచించినా తేల్చుకోలేకపోయాను.

మస్తాన్ మేత కోసం బండేసుకుని పోయిన రాత్రులే ఎంచుకునేవాణ్ణి. ముందు లైటు లేకుండా చీకట్లో ఊరికే నడిపించాను, చీకటంటే బెరుకు పోవాలని. తర్వాత తాడుతో పట్టుకుని, నేల మీద లైటు వేసి, వెలుగు వెంట చూడటం నేర్పాను. కుందేలు కళ్లలో లైటు పడితే అది కాసేపు బిగుసుకుపోతుంది. అది కదిలేదాకా కుక్కను ఆపాలి. తొందరపడి వదిలితే కుక్క చెడిపోతుంది. కుందేలు లేవగానే తాడు జార్చి, నాన్న అన్నట్టే చెవి దగ్గర మెల్లగా "ఉస్" అనేవాణ్ణి. ఆ మాట వింటే ముందున్న వెలుగులోకి దూకాలి. అంతే పాఠం. మొదట్లో అది వెలుగులోకి ఉరికి, కుందేలు ఎటు పోయిందో తెలియక నా వైపు వెర్రిచూపు చూసేది. నాకు నవ్వొచ్చేది. మొదటిసారి నోట కరుచుకుని తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఆ ఆనందం అబద్ధమని ఇప్పటికీ అనలేను.

ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు వేళ దాటి చీకటి పడింది. ఆ రాత్రి వేటకు పోదామని నేను ముందే రీమ్ గొలుసు విప్పి, లాగితే ఊడే జారుముడి వేసి తాడుతో కట్టి ఉంచాను. మస్తాన్ మర్నాటికి గానీ రాడనుకున్నాను. వాడు ముందే వచ్చేశాడు. బండి చప్పుడు విన్నాను, తర్వాత ఒక అరుపు విన్నాను. నేను పరిగెత్తి పోయేసరికి రీమ్ ముందు చక్రం కింద ఉంది. మస్తాన్ నేల మీద కూలబడి దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి ఫోన్‌లో అర్బాబ్ అడిగింది ఒకటే. బండి నడుపుతూ మస్తాన్ నిద్రపోయాడా అని. నాకు తెలియదు అంటే సరిపోయేది. నేను, "రెండు రాత్రుల నుంచి అతనికి సరిగా నిద్ర లేదు అర్బాబ్" అన్నాను. అది నిజమే. రుసైల్ దాకా పోయి మేత మూటలు వేసుకుని వచ్చిన మనిషికి నిద్ర ఎక్కడిది? ఒక నిజాన్ని పట్టుకొచ్చి ఇంత అబద్ధం ఆడొచ్చని నాకు అప్పుడే తెలిసింది. కుక్క ఎలా బయటికొచ్చిందని ఆయన అడిగితే, తాడు తెంపుకుందన్నాను. అప్పటికే, ముడి ఊడిన ఆ తాడును తెగినట్టు కోసేశాను.

మస్తాన్ వీసా రద్దయింది. వెళ్లేముందు రూమ్‌లో బట్టలు సర్దుకుంటూ వాడు చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అన్నా, అది దోవ పక్కన నిలబడుండె. నేను చూసినా. బండి స్లో చేసినా. కిటికీలోంచి తలకాయ బయట పెట్టి, ఉస్ ఉస్ అని తోలినా. మా ఇంటికాడ కోళ్లనైనా కుక్కల్నైనా అట్లే తోల్తాం గదా. అది ఎనక్కి పోకుండా లైట్ల ముందరికే దూకింది. ఏ కుక్కయినా అట్ల చేస్తాదా?"

నేను వాడి చొక్కా ఒకటి తీసి మడతపెట్టాను.

"చెప్పన్నా. చేస్తాదా?"

"చెయ్యదు మస్తాన్" అన్నాను.

"అయితే నేను నిద్రపోయింటా. ఇదంతా కల వచ్చింటాది" అన్నాడు.

వాడి నోట 'ఉస్' అన్న మాట వినగానే నాకంతా అర్థమైంది. వాళ్ల ఇంట్లో పొమ్మనే మాట, మా ఇంట్లో ఉసిగొల్పే మాట. రీమ్ తప్పు చేయలేదు, నేర్పిన పని చేసింది. ఆ సంగతి తెలిసినవాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే. నోరు తెరిస్తే వేట బయటపడుతుంది, నేను జైలుకు పోతాను. ఆ భయంతో వాడి సంచి జిప్పు వేయడానికి సాయం పట్టాను.

వాడు మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. కడపలో బావమరిది చికెన్ కొట్లో కోళ్లు కొడుతున్నాడట. బండి ఎందుకు నడపవని ఎవరైనా అడిగితే, తనకు కళ్లు తెరిచి ఉండగానే నిద్రపోయే జబ్బుందని చెబుతాడట. పిల్లల్ని బండి మీద బడికి కూడా తీసుకుపోడట. ఇవన్నీ వాడే చెప్పాడు. శుక్రవారాలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. తెర మీద వాడి పేరు కనిపిస్తే చాలు, వాడికి తెలిసిపోయిందేమో అనుకుంటూ ఎత్తుతాను. వాడు మాత్రం నా బాగోగులు అడిగి, చివర్లో ప్రతిసారీ అదే అంటాడు. "నువ్వు సాకిన కుక్కను చంపినా గదన్నా. మాఫ్ చెయ్యి."

నేను "పర్లేదు మస్తాన్" అంటాను.

క్షమిస్తాను. నేను, వాణ్ణి. ఇంతకంటే నీచం ఏముంటుంది? వచ్చే శుక్రవారం చెబుతానని ఎన్నిసార్లు అనుకున్నానో. చెబుతానో లేదో ఇప్పటికీ నాకు నమ్మకం లేదు, మీకు మాట ఇవ్వలేను. వాడికి చెప్పకుండా మీకు చెప్పినంత మాత్రాన నాకు మాఫీ దొరకదని కూడా తెలుసు. అయినా ఒక్క వాక్యం, నా లోపల తప్ప ఇంకెక్కడా లేని వాక్యం, ఇప్పుడు బయట పెడుతున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆ సాయంత్రం మస్తాన్ నిద్రపోలేదు.