అరువు తెచ్చిన ఊపిరి

రోశమ్మ చేసింది తప్పే. ఆ మాట ఆమె ఎప్పుడూ కాదనలేదు. కానీ ఆ తప్పును పలకల ఫ్యాక్టరీ యజమాని జగన్నాథం ఎట్లా వాడుకున్నాడో వింటే, రోశమ్మది పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చినంత తప్పే అనిపిస్తుంది.

రాష్ట్రం ఏర్పడి రెండేళ్లయింది. రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదు పోయినా, మార్కాపురం మాత్రం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. పిల్లలు అ ఆలు దిద్దుకునే పలకలు ఇక్కడే కోస్తారు. రోశమ్మ పెనిమిటి గిద్యోనుకు కోతయంత్రం దగ్గర పద్నాలుగేళ్లు నిండాయి. సాయంత్రానికి బూడిదలో పొర్లి లేచినట్టుండేవాడు. దగ్గు మొదలైతే గోడకు ఆనుకోవాల్సిందే. కోసేటప్పుడు రాయి మీద నీళ్లు పోస్తే దుమ్ము లేవదని రోశమ్మ ఎన్నిసార్లు అడిగిందో. తాగడానికే నీళ్లు లేవని జగన్నాథం జవాబు.

ఒకనాడు కర్నూలు నుంచి సంజీవరావు డాక్టరు పలకపనివాళ్ల ఛాతీలు చూడటానికి వస్తున్నాడని తెలిసింది. దగ్గున్నవాళ్లను పనిలోంచి తీసేస్తారని మేస్త్రీ ఒక పుకారు వదిలాడు. పేట మొత్తం బిక్కచచ్చిపోయింది. రోశమ్మకు మాత్రం ఉపాయం తట్టింది.

తర్లుపాడు దగ్గర గొర్రెలు మేపే ఆదెయ్య ఆమెకు వరసకు అన్న. అతను కేకేస్తే కొండ అవతలి గొర్రె కూడా తలెత్తుతుంది. అతన్నీ, మరో పదిమంది కాపర్లనూ పిలిపించి, దగ్గుతో తీసుకుంటున్న పదకొండు మంది పేర్లు వాళ్లకు బట్టీ పట్టించింది. మొహాలకు పలకపొడి పూసింది. గొర్రెల వాసన ఒక్కటే ఆమె చేతిలో లేకపోయింది.

పేటకొచ్చిన డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి, ఎన్నేళ్లుగా కోస్తున్నావంటే గిద్యోను బదులు నిలబడ్డ ఆదెయ్య పద్నాలుగని గడగడా చెప్పాడు. పేరు అడిగేసరికి మాత్రం నోరు పెగల్లేదు. వెనకనుంచి అందిద్దామంటే, పెనిమిటి పేరు రోశమ్మ నోటితో పలకకూడదాయె.

"ఏంది గిద్యోనన్నా, పేరు చెప్పను కూడా సిగ్గేనా?" అని పక్కింటి వెంకాయమ్మ గట్టెక్కించింది.

ఇంత శుభ్రమైన ఊపిరితిత్తులు తాను కర్నూలులో కూడా చూడలేదని డాక్టరు మెచ్చుకుని మరీ రాసుకున్నాడు. పేటంతా రెండు రోజులు చాటుగా నవ్వుకుంది.

మూడో నెలలో సర్కారు నుంచి కాగితం వచ్చింది. పలకదుమ్ము వల్ల హాని కనబడలేదట. ఇక నీళ్ల మాట ఎవరెత్తినా జగన్నాథం ఆ కాగితమే చూపించేవాడు. ఆ నెలలోనే వెంకాయమ్మ పెనిమిటి మాల్యాద్రి దగ్గీ దగ్గీ పోయాడు. ముప్పైనాలుగేళ్లవాడు. ఆ పదకొండు మందిలో అతనూ ఒకడు. ఏదైనా సాయం చేయమని వెంకాయమ్మ వెళితే, నీ మొగుడి ఊపిరితిత్తులు ఉక్కుముక్కలని సర్కారే చెప్పింది, సారా తాగి చచ్చినవాడికి నన్నేం చేయమంటావన్నాడు జగన్నాథం. మాల్యాద్రి పండక్కి కూడా సారా ముట్టినవాడు కాడు.

రోశమ్మకు ఒళ్లు మండిపోయింది. సగం జగన్నాథం మీద, సగం తనమీద. ఆ కాగితంలో గిద్యోనూ ఆరోగ్యవంతుడే. రేపు అతనికేమన్నా అయితే తనకూ ఇదే జవాబు.

డాక్టరు మళ్లీ ఊరికి వచ్చి సర్కారు బంగళాలో దిగాడని తెలియగానే, మిగిలిన పదిమందినీ వెంటబెట్టుకుని బయల్దేరింది. ఆ కాస్త దూరానికే నాలుగుచోట్ల కూర్చోవాల్సి వచ్చింది. చేసిన నిర్వాకమంతా దాచకుండా చెప్పేసింది. డాక్టరు ముఖం జేవురించింది. ఆ రిపోర్టు పైకి పోయింది, పైవాళ్లు భేష్ అన్నారు కూడా. సర్కారును మోసం చేస్తే జైలని బెదిరించాడు.

"పెట్టించండి సారూ. నా సిగ్గు నేను అందరి ముందర చెప్పుకున్నాను. పద్నాలుగేండ్లు రాయి కోసినోని దగ్గర గొర్రెవాసన వస్తాంటే, అదేందని మీరన్నా అడగలేదు గదా."

డాక్టరు గొట్టం తీసి గిద్యోను వీపుకు ఆనించాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత పాత జాబితా ముందు పెట్టుకుని, ఒక్కో పేరూ పిలుస్తూ, చూస్తూ, పాతది కొట్టేసి కొత్తది రాసుకుంటూ పోయాడు. చివరి పేరు మాల్యాద్రి. రెండుసార్లు పిలిచాడు. ఎవరూ ముందుకు రాలేదు.

"ఆయన్ని పూడ్చిపెట్టి ఇరవై దినాలాయె సారూ," అంది రోశమ్మ.

మరి ఇతనికి ఏం రాయమంటావన్నాడు డాక్టరు, తలెత్తకుండా.

"ఊపిరి బాగుందని రాసినారు గదా, దాన్ని కొట్టేయొద్దు. అట్లనే ఉండనీండి. దాని పక్కనే, పోయినాడని రాయండి. పైనోళ్లు రెండూ కలిపి చదువుకోనీ."