నలభయ్యో ఇల్లు

నలభై ఇండ్లు. ఒక్కటి తక్కువైనా హాల్ టికెట్ లేదన్నాడు మా సోషియాలజీ లెక్చరరు. ఆయన అన్నాడంటే అన్నట్టే. అంతకుముందు యేడు ఒకడు ముప్పై ఎనిమిది ఇండ్లు తిరిగి, మిగతా రెండూ రూములో కూసోని కల్పించి రాసినాడని, వాని కాగితాలు వాని ఎదురుగానే చించి కిటికీలోంచి పారేసినాడంట. వాడు మళ్లీ కాలేజీ మొగం చూడలేదు.

అరవైల నడిమి మాట ఇది. అనంతపురంలో నాది బి.ఏ. ఆఖరు సంవత్సరం. సోషియాలజీ అంటే ఏందో మా ఊర్లో చెప్పేదానికి నాకు చేతనయ్యేది కాదు. మనుషులను గురించి చదివే చదువని చెప్తే, "దానికి అనంతపురం దాకా పోవాల్నారా? ఈడ లేరా మనుషులు?" అనేవాడు మా నాయన.

మేము దూదేకులోళ్లము. మా నాయన దూది ఏకే విల్లు భుజాన తగిలించుకోని కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఊర్లన్నీ తిరిగేవాడు. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టిచ్చేవాడు. మూడేండ్లుగా వానలు ఎత్తిపోయినాయి. కడుపుకే లేనప్పుడు పరుపు ఎవనికి కావాల? ఆ విల్లు మా ఇంట్లో గోడకు యాలాడుతాండేది. నేను పట్టా తెచ్చుకుంటే యాదో ఒక ఆఫీసులో గుమాస్తా అవుతానని, దాన్ని మళ్లీ దించే పనుండదని మా ఇంట్లో ఆశ. ఆశ అనేది చిన్న మాట. మాకు ఇంకో దోవ లేదు.

డిసెంబరు సెలవుల్లో ఎవరి ఊరికి వాళ్లు పోయి, ఇంటికొక కాగితం నింపుకోని రావాల. ఇంట్లో ఎంతమంది, ఎవరికి ఎవరు ఏమవుతారు, భూమెంత, పశువులెన్ని, గింజలుండాయా, పని కోసం ఊరు విడిచి పోతారా, ఇట్లాంటి ప్రశ్నలు రెండు పక్కలా అచ్చేసి ఇచ్చినారు. చేయి తిరుగుతుందని మొదట మా ఇంటి కాగితమే ముందర పెట్టుకున్నాను. మతం అన్నకాడనే పెన్ను ఆగిపోయింది. పీర్ల పండగ చేస్తాము, ఊరి జాతరకూ పోతాము, ఇంట్లో మాట్లాడేది తెలుగు. "ఏం రాయాల నాయనా?" అంటే, "ఎవరడిగినా దూదేకులోళ్లమనే గదరా చెప్తాము, అదే రాయి," అన్నాడు. దానికి గీసిన గడి సరిపోలేదు.

మొదటి రెండు దినాలు మూడంటే మూడిండ్లు. నేను పుట్టిన ఊరే, నన్ను ఎత్తుకోని తిప్పినోళ్లే. అయినా ప్యాంటు తొడుక్కోని కాగితాలు పట్టుకున్నానా, నేను నేను కాకుండా పోయినాను. ఆ యేడు సర్కారోళ్లు లెవీ కింద ఇంట్లో గింజలు పట్టుకపోతారని అందరికీ దిగులు. గింజలే లేనోళ్లకు గూడా ఆ దిగులే. ఒకామె నన్ను చూసి గబగబా గంప కింద కోడిని మూసిపెట్టి, "మా ఇంట్లో ఏమీ లేదప్పా," అనింది. గంపలో కోడి అరుస్తానే ఉండాది. నాకు నవ్వు రాలేదు. ఇంకా ముప్పై ఏడు.

మూడో దినం ఒక ముసలి రైతు అన్నిటికీ జవాబు చెప్పి, ఆఖర్న బొటనవేలు చాపినాడు.

"ముద్ర ఎయ్యించుకో."

"అక్కర్లేదు మామా."

"అక్కర్లేదా? ముద్ర లేని కాగితం ఎవడు నమ్ముతాడు? మొన్న పక్కూర్లో కరువు పనికి పట్టీ రాసినప్పుడు అందరితో ఎయ్యించుకున్నారంట. మాకెందుకు వద్దు? మా ఊరిని ఎగ్గొట్టాలనా?"

పక్కూరోళ్లకు రోడ్డు కంకర కొట్టే పని ఇచ్చినారు. మా ఊరికి ఇంకా రాలేదు. ఆ పట్టీ నేనే రాస్తాండానని ఆయన అనుకున్నాడు. ఇది నా చదువుకు మామా అని చెప్పినాను. కన్ను గీటినాడు. "తెలుసులేప్పా. పట్టీ రాసేటప్పుడు అట్లనే చెప్పమంటారు," అన్నాడు. ఒకసారి చెప్పినాను గదా అనుకున్నాను. నా పెన్ను విదిలించి ఆయన బొటనవేలి మీద రెండు చుక్కలేసినాను. ఆయన కాగితం అడుగున గట్టిగా అద్దినాడు.

అంతే. మధ్యాన్నానికి మా వాకిట్లో జనం. నన్ను చూసి తలుపేసుకున్నోళ్లే "ముందు మాది రాయప్పా," అని తోసుకుంటాండారు. కోడిని దాచినామె కూడా వచ్చింది. అందరికీ భూమి తగ్గిపోయింది, ఇంట్లో మనుషులు పెరిగిపోయినారు. తెలిసి తెలిసే రాసుకున్నాను. సాయంత్రానికి ఊర్లో యాడ చూసినా నీలి బొటనవేళ్లే.

మా నాయన అంతా చూస్తా గోడకానుకోని కూసున్నాడు. జనం పోయినాక అన్నాడు, "రేయ్, ఇది కరువు పట్టీ కాదని చావిడి కాడ నిలబడి గట్టిగా చెప్పు."

"చెప్తే ఎవడు రాయిస్తాడు నాయనా? నలభై కావాల."

ఆయన గోడ మీద విల్లు తట్టు ఒకసారి చూసినాడు. మళ్లీ ఆ మాటెత్తలేదు. నేను గూడా ఎత్తలేదు. ఆ పొద్దు ఆయన కొంచెం కోప్పడింటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. చేసిన తప్పు నాది, కోపం మాత్రం ఆయన మీద.

ఐదో దినానికి ముప్పై తొమ్మిది అయినాయి. నలభయ్యోది వీధి చివర ఇల్లు. ఆమెకు ముప్పై ఏండ్లుంటాయి. మొగుడు బావి పూడిక తీస్తా, మట్టిపెళ్లలు మీద పడి రెండేండ్ల కింద పోయినాడు. ఇద్దరు ఆడపిల్లోళ్లు, చూపు లేని అత్త. సెంటు భూమి లేదు. ఏటా డిసెంబరులో బళ్లారి తట్టు నుంచి ఒక మేస్త్రి వస్తాడు. కాలవ కింద వరికోతలకు మనుషులను లారీలో ఎక్కించుకోని పోతాడు. ఈమె అత్తను గూడా ఎక్కించుకోని పోయేది. కూలి కింద ఇచ్చే వడ్లు మూట గట్టుకోని వస్తే, ఎండాకాలం సగం దాకా ఆ నలుగురికీ అదే తిండి. ఇంకేమీ లేదు.

ఆ మేస్త్రి మర్నాడే వస్తాండాడు.

ఆమె అన్నిటికీ నిజమే చెప్పింది. ఆ ఊర్లో నాకు నిజం చెప్పింది ఆమె ఒక్కతే. ఒక మనిషిని పెంచలేదు, ఒక గింజ దాయలేదు. ఆఖరి ప్రశ్నకు వచ్చినాను. పని కోసం ఊరు విడిచి పోతారా?

"పోతే నా పేరు కొట్టేస్తారా అప్పా?" అని అడిగింది.

అప్పుడు ఒక్క మాట చాలు. అక్కా, ఇది పట్టీ కాదు, రేపు లారీ ఎక్కి పోండి, అంటే సరిపోయేది. చెప్తే ఆమె ముద్ర ఎయ్యదని గాదు. పక్కింటోళ్లకు చెప్తుంది, వాళ్లు ఇంకొకరికి చెప్తారు, అందరూ వచ్చి మా కాగితాలు మాకియ్యమని కూసుంటారు.

"నాకు తెల్దక్కా," అన్నాను.

"నీకు తెలీకుంటే ఎట్లప్పా, రాసేది నువ్వే గదా." అత్త తట్టు చూసింది. ముసలామె నులకమంచం మీద కూసోని మా మాటలు వినపడే తట్టు తల తిప్పుకోనుండాది. "మనకు ఈడనే పనిస్తారంటే ఈ ముసలిదాన్ని లారీలో యాల ఎత్తెయ్యాల? పిలిచినప్పుడు లేకపోతే పేరు పోతుంది. పోము. పోమని రాసుకో."

పోరు అని రాసినాను. ముద్ర ఏసింది.

మర్నాడు లారీ వచ్చింది. కోతలకు పోయేటోళ్లు చానామంది ఎక్కినారు. ఇండ్లకాడ ఒక్కో ముసలోన్నో, అవ్వనో కాపలా పెట్టి, పిలిస్తే మేమొచ్చినట్టే అని చెప్పమన్నారు. ఆమెకు అట్ల పెట్టేదానికి కండ్లున్న మనిషి లేదు. అదే దినం నేను అనంతపురం బస్సెక్కినాను, ఒళ్లో నలభై కాగితాలు.

ఫిబ్రవరిలో మాకు వైవా పెట్టినారు. వైవా అయినోళ్లకు లెక్చరరు తన చేత్తోనే హాల్ టికెట్ ఇస్తాడు. నా పేరు పిలిచేదానికి ముందర వరండాలో కూసోనుంటే, స్తంభం పక్కన ఆ వీధి చివరింటామె కనపడింది. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. పిల్లోళ్లను పక్కింట్లో విడిచిపెట్టి రెండు పగళ్లు నడిచినానని చెప్పింది.

"ముందు నీ పని చూసుకోప్పా. నాది చిన్న మాట. ఈడనే కూసుంటా," అనింది.

లోపల లెక్చరరు నా కాగితాలు ఒక్కొక్కటే తిప్పినాడు. ముద్రలు చూసి, "ఇవెందుకయ్యా?" అంటే, వాళ్లే ఎయ్యించుకోమన్నారు సార్ అన్నాను. అది నిజమే. ఆఖరి కాగితం కాడ ఆగినాడు.

"భూమి లేదు, గింజలు లేవు, మగదిక్కు లేదు. మిగతా కాగితాల్లో ఇలాంటి వాళ్లందరూ వలస పోతామనే రాయించారు. ఈ ఒక్క ఇల్లు ఎందుకు పోలేదు?"

కిటికీలోంచి ఆమె నెత్తి కనపడతాండాది.

"అత్త కోసం సార్. చూపు లేని మనిషిని కష్టపెట్టలేక ఆగిపోయినారు."

ఆయన మొగం వెలిగింది. "చూశావా! ఆకలి కంటే బంధం గట్టిది. పుస్తకంలో దొరకదు ఇది. నీ రిపోర్టు చివర ఈ మాటే రాయి." ఇట్లని ఆ కాగితం మూలలో ఎర్రసిరాతో బాగుంది అని రాసినాడు. హాల్ టికెట్ నా చేతికిచ్చినాడు.

బయటికొచ్చినాను. ఆమె లేచి నిలబడింది.

"అయిపోయిందా? పాసా?"

"ఇంకా పరీక్షలుండాయక్కా. ఏం పని మీద వస్తివి?"

"మా అత్త పోయిందప్పా. పోయిన అమాసకు ముందర. ఆమె పేరు కొట్టెయ్యి."

నాకు అర్థం కాలేదు.

"నలుగురమని ముద్రేసిస్తి గదా. ఇప్పుడు ముగ్గురమే ఉండాము. రేపు పనికి పిలిచినప్పుడు లెక్క తప్పు చెప్పినానని మా అందరివీ కొట్టేస్తే? పిల్లోళ్లుండారు. అందుకే వచ్చినా."

ఏం జబ్బక్కా అని అడిగినాను. అడక్కుండా ఉండాల్సింది.

"జబ్బు యాడిదప్పా? తినేదానికి లేదు. తన వంతు పిల్లోళ్లకు పెట్టి, నేను తింటి, నేను తింటి అనేది. ఆమెకు కండ్లు లేవు గానీ నాకుండాయి గదా. తెలుసు నాకు. తెలిసి ఏం చేసేది?"

నేను మళ్లీ లోపలికి పోయినాను. సార్, ఒక ఇంట్లో ఒక మనిషి తగ్గినారు, దిద్దుకుంటాను అన్నాను. ఆయన మిగతా పిల్లోళ్లకు నన్ను చూపించి, "శ్రద్ధంటే అదీ," అన్నాడు. ముసలామె పేరు మీద గీత గీసినాను. నలుగురు కొట్టేసి ముగ్గురు అని రాసినాను. వలస కాడ పోరు అన్న మాట అట్లనే ఉండాది. దాన్ని ముట్టుకోలేదు.

ఆమెకు నిజం చెప్పినానని ఈడ రాసుకుంటే నాకు బాగుంటుంది. చెప్పలేదు. చెప్పేదానికే బయటికొచ్చినాను, అల్లా మీద ఆన. ఆమె మొగం చూసినాక నా చేత కాలేదు. చెప్తే ఆమె ముసలిదాన్ని ఎందుకు పోగొట్టుకునిందో ఆమెకు తెలిసిపోతుంది. నా పిరికితనానికి నేను దయ అని పేరు పెట్టుకున్నాను. హాస్టల్లో నా వంతు సంగటి తెచ్చి పెట్టినాను. సగం తిని, సగం పిల్లోళ్లకని కొంగున కట్టుకునింది.

"కొట్టేసినావా?" అని మళ్లీ అడిగింది.

"కొట్టేసినానక్కా."

"నా ముద్ర లేకుండానేనా? చెల్లుతుందా?" అని బొటనవేలు చాపింది.

కాగితాలు లోపల లెక్చరరు కాడ ఉండాయి. నా చేతిలో ఉండేది ఒకటే కాగితం. దాన్ని వెనక్కి తిప్పినాను. పెన్ను విదిలించి రెండు చుక్కలేసినాను. ఆమె మోకాలి మీద పెట్టుకోని, యాడా చెదరకుండా, నిదానంగా అద్దింది. ఆరేదాకా ఊదింది. ఊది నా చేతికిచ్చి, పొద్దుండంగనే ఊరిదోవ పట్టింది.

పరీక్షల మొదటి దినం హాల్లో కాపలా ఉండే ఆయన హాల్ టికెట్ తిప్పి చూసి, "ఏంటయ్యా ఇది?" అన్నాడు.

సిరా ఒలికింది సార్ అన్నాను.