తడిగుడ్డ మీద వేసిన నింద

ఇరవై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. "అదే అయ్యుంటుంది" అన్నాను, అంతే. ఆ మాట వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరి ఇల్లూ కూలలేదు. మరెందుకు ఇంత బరువు? మీరెవరో నాకు తెలీదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళతో అయితే నేను మళ్ళీ ఏదో సాకు వెతుక్కుంటాను.

తొంభైల చివర్లో చోడవరంలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేసేదాన్ని. మాది అనకాపల్లి. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ పోయాక అన్నావదినెలతో పడక, చోడవరంలోనే గది తీసుకున్నాను. అప్పుడు నాకు ఇరవై తొమ్మిది. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళం. ఆ గదిలో ఉర్దూ మాట్లాడడానికి మనిషి లేదు. స్టవ్ వెలిగిస్తూ నాలో నేనే రెండు ముక్కలు పైకి అనుకునేదాన్ని. ఆదివారమంటే మరీ భయం. శనివారం మధ్యాహ్నం నుంచే ఆ భయం మొదలయ్యేది.

కె.కోటపాడు వెళ్ళే రోడ్డులో ఒక పెంకుటింట్లో ఆడవాళ్ళ సంఘం ఉండేది. దేవరాపల్లి వైపు ఊళ్ళ ఆడవాళ్ళు పెట్టుకున్నది. ఊళ్ళ పక్కన పారే గెడ్డ ఒడ్డున చెట్లు కొట్టనివ్వకుండా కాపలా కాసేవారు, కొత్త మొక్కలు నాటేవారు. ఏ ఊరి నూతిలో ఏ నెల ఎన్ని మూరల నీళ్ళున్నాయో తాడు వేసి కొలిచి నోటు పుస్తకాల్లో రాసేవారు. చెట్లున్న చోట నూతులు ఎండిపోవడం లేదని అధికారులకు చూపించాలని వాళ్ళ పట్టుదల. ఇలాంటి సంఘాలకు సాయం చేసే విశాఖపట్నం వాళ్ళెవరో ఒక పాత కంప్యూటర్ ఇచ్చారు. నేర్పేవాళ్ళు లేరు. జీతం ఉండదు, ఆదివారాలు వచ్చి నేర్పాలి, ఎవరైనా వస్తారా అని మా ఆఫీసులో అడిగితే నేను వస్తానన్నాను. అందరూ నాది సేవాభావం అనుకున్నారు. నాకు ఆదివారం గడవాలి, అంతే.

సంఘాన్ని నడిపే మనిషి నూకరత్నం. నలభై ఏళ్ళుంటాయి. ఏడో తరగతి దాకా చదివింది. చెరుకు తోటలో పనిచేసి గట్టిపడిన వేళ్ళు. మొదటి రోజు మౌసు పట్టుకుని, అది బల్ల చివరికి వచ్చేసరికి ఇంకెక్కడికి జరపాలో తెలియక పకపకా నవ్వింది. ఆ నవ్వుకి గది నిండా ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఎన్ని నెలలైందో నేనలా నవ్వి.

నేను ఆమెను రత్నమక్కా అనేదాన్ని. వాళ్ళు నాకోసం ఇంటినుంచి అన్నం, పులుసు, ఉడకబెట్టిన చిలగడదుంపలు తెచ్చేవారు. రంజాన్ నెలలో నేను ఉపవాసం ఉంటే, నా ఎదురుగా మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. పెరట్లోకి వెళ్ళి తాగి, మూతి తుడుచుకుని వచ్చేవారు. అలా చెయ్యమని ఎవరూ వాళ్ళకు చెప్పలేదు.

రత్నమక్క త్వరగా నేర్చుకుంది. నేను అనుకున్నదానికన్నా చాలా త్వరగా. తెలుగులో టైపు చెయ్యడానికి అప్పట్లో వేరే ప్రోగ్రాం ఉండేది. ఏ మీటకు ఏ అక్షరమో ఆమె పాత క్యాలెండర్ కాగితం వెనక బొమ్మ గీసుకుని, బస్సులో కూడా వేళ్ళు ఆడించుకుంటూ వచ్చేది. నాలుగు నెలలకు నూతుల లెక్కల పట్టిక తనే టైపు చేసి అచ్చు తీసింది. ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నాకు చూపించింది.

"అమ్మా, ఇంక నువ్వు ఆదివారాలు కష్టపడొద్దు. నాను సేసుకుంటాను. పని నేదని మానీకు, ఊరికే రా, కబుర్లాడుకుందాం" అంది.

ఊరికే రా. ఎంత మంచి మాట! నాకది చెవికెక్కలేదు. 'కష్టపడొద్దు' ఒక్కటే వినిపించింది. పని లేకపోతే నన్నెవరు రమ్మంటారు? రెండు వారాలు పిలుస్తారు, మూడో వారం మర్చిపోతారు. మా అన్న మర్చిపోలేదా? ఇలా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా, ఇది కారణం చెప్పడమా, సానుభూతి అడుక్కోవడమా అని నన్ను నేనే అనుమానిస్తున్నాను.

ఆ సాయంత్రం వాళ్ళంతా పెరట్లో మొక్కలు పంచుకుంటున్నారు. గదిలో నేనొక్కదాన్నే. ఏ మీటకు ఏ అక్షరం రావాలన్నది ఆ ప్రోగ్రాంలో మార్చుకోవచ్చు. మార్చేశాను. నిమిషం కూడా పట్టలేదు. తర్వాత బయటికి వెళ్ళి వాళ్ళతో కలిసి కానుగ మొక్కలు సంచుల్లో సర్దాను.

బుధవారం మధ్యాహ్నం, భోజనాల వేళ, రత్నమక్క మా ఆఫీసుకు వచ్చింది. లోపలికి రాలేదు. వరండాలో స్తంభం పక్కన నిలబడింది. చేతిలో ఆ క్యాలెండర్ కాగితం.

"ఏమైందక్కా?"

"నానేటో సేసీసేనమ్మా. మిషను పాడైపోనాది. 'క' కొడితే ఇంకేటో వస్తంది. ఏది కొట్టినా అంతే."

ఆమె గొంతు తగ్గించింది.

"మొన్న దుమ్ముందని తడిగుడ్డెట్టి తుడిసేను. నీళ్ళు గాని లోపలికెల్లిపోనాయేటి?"

ఆ క్షణంలో నిజం చెప్పడం ఎంత తేలిక! కాదక్కా, చిన్న సర్దుబాటు మారింది, నీ తప్పేం లేదు అంటే సరిపోయేది. నేను మార్చానని చెప్పక్కర్లేదు కూడా.

"అదే అయ్యుంటుంది" అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. "బాగవుద్దా?"

"నేను చూస్తాను. నేను లేనప్పుడు మాత్రం ఎవరూ ముట్టుకోకండి."

"నేదమ్మా, ముట్టుకోం" అని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

ఆదివారం నేను వెళ్ళి, కాసేపు ఏదో వెతుకుతున్నట్టు నటించి, అక్షరాలు తిరిగి తెప్పించాను. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. రత్నమక్క అందరికంటే గట్టిగా కొట్టింది. కానీ ఆ రోజు నుంచి ఆమె కీబోర్డు మీద చెయ్యి వెయ్యలేదు. రమ్మంటే, "నువ్వే కొట్టమ్మా, నాను సదువుతాను" అని పుస్తకం పట్టుకుని పక్కన కూర్చునేది. ఆమె చదివేది, నేను కొట్టేదాన్ని. అలా ఏడాదిన్నర. ఒక మాట దాచకుండా చెప్పాలి. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు మరి లేవు.

ఒకసారి విశాఖపట్నం నుంచి ఒకావిడ వచ్చింది. ప్రతి సంఘం నుంచి ఒకరిని తీసుకెళ్ళి బాగా తర్ఫీదు ఇస్తారట, వాళ్ళే మిగతా సంఘాల ఆడవాళ్ళకు నేర్పుతారట. అందరూ రత్నమక్క వైపు చూశారు. "నా సెయ్యి పడితే మిషన్లు పాడైపోతాయండీ, మా మేడమ్‌ని అడగండి" అంది ఆమె, నవ్వుతూనే. వచ్చినావిడ నా వైపు చూసింది. నేను తల వంచుకుని ముందున్న కాగితాలు సర్దాను. మా సంఘం నుంచి ఎవరూ వెళ్ళలేదు.

తర్వాత నాకు విజయనగరం బదిలీ అయింది. నేను వెళ్ళాక ఆ కంప్యూటర్ తెరిచేవాళ్ళు లేరు. కొన్నాళ్ళకు ఇచ్చినవాళ్ళే తీసుకెళ్ళి వేరే సంఘానికి ఇచ్చేశారని తెలిసింది. నూతుల లెక్కలు మళ్ళీ నోటు పుస్తకాల్లోకి వెళ్ళాయి. సంఘం మాత్రం నడిచింది. రత్నమక్క కదా.

చాలా ఏళ్ళ తర్వాత, చెప్పేయాలనే వెళ్ళాను. దేవరాపల్లి దగ్గర వాళ్ళ ఊరు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే గట్టిగా పట్టుకుంది. కోడలిని కేకేసి, "ఈయమ్మే, మాకు రాతపనంతా సేసిపెట్టింది" అంది.

"అక్కా, ఆ రోజు మిషను..." అని మొదలుపెట్టాను.

"ఆ ఊసెందుకమ్మా ఇప్పుడు? నాను పాడుసేసినా నువ్వు ఒక్క మాటనలేదు. ఇంకొకరైతే ఎన్నేసి తిట్లు తిడుదురో" అని చెయ్యి కడుక్కోమని నీళ్ళిచ్చింది.

అన్నం తిన్నాను. తిని వచ్చేశాను. ఆమె మనసులో నాకున్న ఆ మంచిపేరు పోగొట్టుకోలేకపోయాను. అంటే రెండోసారి కూడా నా ఒంటరితనానికే భయపడ్డాను, ఆమె గురించి కాదు. మళ్ళీ వెళ్తానా? తెలీదు. ఆమె ఇంకా ఉందో లేదో కనుక్కోవడానికి కూడా ధైర్యం చాలడం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. నాకు కావలసింది, ఒక్కసారైనా ఆ మాట నా చేత్తో రాయడం. నీళ్ళు లోపలికి వెళ్ళలేదు, రత్నమక్కా. నువ్వేమీ పాడు చెయ్యలేదు. అక్షరాలు మార్చింది నేను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.